ధర చెప్తేనే కాఫీ

రెండువేల ఆరులో గోదారికి పెద్ద వరదొచ్చి లంకలన్నీ ముంచేసి వెళ్ళింది. ఎనభైయ్యారు వరదే పెద్దదని ముసలివాళ్ళూ, కాదు ఇదే పెద్దదని కుర్రాళ్ళూ టీకొట్టు దగ్గర ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ నీళ్ళు తీసి, బురద ఎండి, పనసచెట్లు మళ్ళీ పిందె వేసిన మాఘమాసంలో జరిగిందీ సంగతి.

కొత్తపేట దగ్గర నడిపిలంకలో బుచ్చిరాజు గారని ఒకాయన. మనిషి మంచివాడు, మాటే తక్కువ. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే "ఊఁ" అన్నారట. నలభై ఏళ్ళ కాపురంలో ఆ "ఊఁ"కి మించిన పొగడ్త తను ఎరగనని ఆయన భార్య సరోజినమ్మ గారు గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేవారు గనక ఇంట్లో లోటేమీ తెలిసేది కాదు.

బుచ్చిరాజు గారికి పనసపొట్టు కొట్టడం బాగా వచ్చు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా ముందురోజు ఆయనకి కబురొచ్చేది. అరుగు మీద గోనె పరుచుకుని, జిగురంటకుండా చేతులకి నూనె రాసుకుని కూర్చునేవారు. లేత పనసకాయ పైన ముళ్ళ చెక్కు తీసేసి, ఎడంచేత్తో కాయ తిప్పుతూ కుడిచేత్తో కత్తి ఆడించేవారు. పొట్టు సన్నగా, సేమ్యా రాలినట్టు రాలేది. ఆవ పెట్టి వండితే ఆ కూర కోసం జనం రెండో బంతికి కూడా కూర్చునేవారు. పొట్టు కొట్టేటప్పుడు మాట్లాడక్కర్లేదు. ఆయనకి ఆ పని అంత ఇష్టం అందుకేనేమో.

ఆయన పెరట్లో మెరక మీద అయిదు పనసచెట్లున్నాయి. వరద నీళ్ళు మొదళ్ళ దాకా వచ్చి ఆగిపోయేయి. చెట్లు బతికేయి గాని, కింద అరటితోట మాత్రం ఇసక కింద పడిపోయింది. మోకాలెత్తు మేట. అది తీయించి తోలించాలంటే చేతిలో డబ్బు లేదు.

అదిగో, అప్పుడొచ్చేరు సూర్యారావు గారు. కొత్తపేటలో కలప అడితీ ఆయనది. పెద్దమనిషే. స్కూటర్ దిగి, అరుగెక్కి, కుర్చీలో కూర్చుని, కాఫీ గ్లాసు అందుకుని, రెండు గుక్కలు తాగి అప్పుడు మొదలెట్టేరు.

"ఏంటండి రాజుగారూ, మీ తోట చూస్తే కడుపు తరుక్కుపోయిందండి."

"ఊఁ," అన్నారు బుచ్చిరాజు గారు.

"ఆ ఇసక తీయించడం అంటే మాటలాండి. నా మాట వినండి. పెరట్లో ఆ పనసలు నాకిచ్చేయండి. గుమ్మాలకీ తలుపులకీ పనసచెక్క కావాలని ఊపిరాడనివ్వడం లేదండి జనం. మీ మేట పోతుంది, నా బేరం అవుతుంది. ఏమంటారు?"

బుచ్చిరాజు గారికి ఇవ్వడం బొత్తిగా ఇష్టం లేదు. ఆ చెట్లు వాళ్ళ నాన్నగారు వేసినవి. కాని సూర్యారావు గారి చేతిలో గ్లాసుంది. గ్లాసులో ఇంకా సగం కాఫీ ఉంది. తన అరుగు మీద కూర్చుని తన కాఫీ తాగుతున్న మనిషి మొహం మీద లేదనడం ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ లేదు. ఆయన చెట్లకేసి చూసేరు. గ్లాసుకేసి చూసేరు.

"ఆయ్," అన్నారు.

"ధర ఏమాత్రం అనుకుంటున్నారండి?"

"మీకు తోచింది ఇవ్వండి."

ఆయనకి తెలిసిన బేరం అదొక్కటే. అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీ వచ్చినా ఆ మాటే, అరటిగెలల వాళ్ళొచ్చినా ఆ మాటే. వాళ్ళకి తోచింది వాళ్ళిచ్చేవారు. వాళ్ళకెప్పుడూ తక్కువే తోచేది.

సూర్యారావు గారు గ్లాసు కింద పెట్టి లేచేరు. "ఉగాది వెళ్ళిన మర్నాడు రంపం వాళ్ళని తీసుకొస్తానండి. అందాకా కాయలు మీవే," అని స్కూటర్ ఎక్కేరు.

సాయంత్రం బస్సు దిగి వచ్చింది హారిక. కూతురి కూతురు. తల్లిదండ్రులు రాజోలు అవతల రొయ్యల చెరువుల దగ్గర ఉంటారు. అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ తాతగారింట్లో ఉంటోంది. సంగతి వినగానే పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి అక్కడే కూలబడిపోయింది.

"చెట్లు ఇచ్చేస్తానన్నారా తాతగారూ?"

"ఊఁ."

"మీకు ఇష్టమేనా?"

ఆయన అరుగు మీది గోనె మడత పెట్టడం మొదలెట్టేరు.

"ఇష్టమేంటే నీ మొహం!" అన్నారు సరోజినమ్మ గారు లోపల్నించి. "పొద్దుట్నించీ అన్నం ముద్ద దిగలేదు ఆయనకి. ఆ సూర్యారావు గారికి నేను రెండోసారి కాఫీ ఇస్తే ఇంకేం అడిగేవారో!"

హారిక కాసేపు చెట్లకేసి చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు సెలవలకి వస్తే దాని ఉయ్యాల రెండో చెట్టుకే కట్టేవారు. ఆ తరవాత దానికేదో తట్టినట్టు లేచింది.

ఆ ఏడే వాళ్ళ కాలేజీలో కొత్తగా ఒక కోర్సు పెట్టేరు. ఉద్యోగం కోసం చూడకుండా సొంతంగా వ్యాపారం పెట్టుకోవడం ఎలాగో నేర్పే కోర్సు. ఇంగ్లీషులో దాని పేరు బారెడుంది. సరోజినమ్మ గారు నాలుగు రోజులు నోరు తిప్పి చూసి, తిరక్క, 'బేరాల చదువు' అని పేరు పెట్టేసుకున్నారు. ఆ చదువులో చేరిన వాళ్ళు పరీక్ష రాస్తే సరిపోదు. ఉగాదిలోగా ఏదో ఒక వ్యాపారం నిజంగా చేసి చూపించాలి.

"పనసపొట్టు అమ్ముతాను," అంది హారిక. "కొట్టేది మీరు, అమ్మేది నేను. మేట తీయించే డబ్బు వస్తే చెట్లు ఉంచేద్దాం. సరేనా తాతగారూ?"

"మన ఇంట్లోంచి పనసపొట్టు అమ్ముతావా! నలుగురూ ఏమనుకుంటారే!" అని బుగ్గ నొక్కుకున్నారు సరోజినమ్మ గారు.

బుచ్చిరాజు గారు మాత్రం లేచి వెళ్ళి, చూరులోంచి కత్తి తీసి, రాయి మీద నూరడం మొదలెట్టేరు.

మర్నాటి నుంచి వ్యాపారం. ఆయన తెల్లారకట్లే లేచి కాయలు దింపించి కొట్టేవారు. హారిక ఆ పొట్టుని స్టీలు గిన్నెల్లో సర్ది, మీద మూత పెట్టి, ఊళ్ళో పది ఇళ్ళకి పట్టుకెళ్ళింది. మొదటి ఇల్లు రేవతి పిన్నిగారిది, పక్కిల్లే.

"పనసపొట్టు తెచ్చేను పిన్నిగారూ, అమ్మకానికి," అంది.

"అమ్మకానికా? ఎంతే?"

అక్కడికి వచ్చేసరికి హారిక నాలుక మడతపడిపోయింది. చిన్నప్పుడు తనకి జడ వేసిన మనిషి. ఆ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిందో లెక్క లేదు. ధర నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

"మీకు తోచింది ఇవ్వండి పిన్నిగారూ," అనేసింది.

పది ఇళ్ళలోనూ అదే మాట చెప్పి, గిన్నెలు ఇచ్చేసి, కాలేజీకి వెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో ఎవరింటి గిన్నె వాళ్ళింటికి ఖాళీగా తిరిగి పంపరు. పంపితే అవమానం. సాయంత్రం హారిక వచ్చేసరికి గిన్నెలన్నీ వచ్చి ఉన్నాయి. రేవతి పిన్నిగారి గిన్నెలో గడ్డపెరుగు. మాస్టారి గారింటి గిన్నెలో మాగాయ. ఒక దాన్లో అరిసెలు, ఒక దాన్లో చేగోడీలు. పెద్దవీధి వాళ్ళకి గిన్నెలో చోటు చాలక అరటిగెల పంపేరు. చివరింటి ముసలయ్య గారు, గిన్నెలో కోడిగుడ్లు పెట్టి, గుడ్లతో పాటు కోడిపుంజుని కూడా కాళ్ళు కట్టి పంపించేరు.

"డబ్బులేవమ్మమ్మా?" అంది హారిక.

"డబ్బులెవరిస్తారే! నువ్వు తోచింది ఇమ్మన్నావట కదా, వాళ్ళకి తోచింది వాళ్ళిచ్చేరు. పాపం, ముసలయ్య గారు చూడు, పుంజుని ఇచ్చేసేరు. ఇంత మర్యాద చేస్తే మనం ఊరుకుంటామా? బొబ్బట్లు చేస్తున్నాను. రేపు గిన్నెకి రెండేసి పెట్టి పంపుదాం. పొట్టు కూడా ఇంకాస్త ఎక్కువే పెట్టు."

అలా వారం నడిచింది. పొట్టు వెళ్ళేది, పెరుగొచ్చేది. బొబ్బట్లు వెళ్ళేవి, జంతికలొచ్చేవి. ఊరంతా తింటోంది, బుచ్చిరాజు గారికి భుజం లాగుతోంది, పుంజు పెరట్లో స్థిరపడిపోయి తెల్లారకముందే అందర్నీ లేపుతోంది. రూపాయన్నది మాత్రం ఇంట్లోకి రాలేదు.

ఆదివారం నాడు హారికకి పాఠం చెప్పే సలోమి మేడమ్ గారు వచ్చేరు. పిల్లల వ్యాపారాలు ఎలా ఉన్నాయో ఒక్కొక్క ఊరూ తిరిగి చూస్తున్నారట. చర్చి అయ్యేక బస్సెక్కి వచ్చేరు. నలభై ఏళ్ళావిడ, చేతిలో గొడుగు, కళ్ళజోడు. ఆవిణ్ణి చూడగానే సరోజినమ్మ గారు కుర్చీ తుడిచి, కాఫీ పెట్టడానికి లోపలికి పరిగెత్తేరు. బుచ్చిరాజు గారు ఒక పక్కగా గోనె మీద కూర్చుని కాయ కొడుతూనే ఉన్నారు.

"ఏం అమ్మేవమ్మా?" అన్నారు సలోమి గారు.

"పనసపొట్టండి."

"ఏం వచ్చింది?"

హారిక ఏం చెప్పాలా అని చూస్తోంది. సరిగ్గా అప్పుడే పెరట్లోంచి పుంజు కూసింది.

"అదొచ్చిందండి," అంది హారిక.

జరిగిందంతా విన్నారు సలోమి గారు. నవ్వేరు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వేరు.

"నువ్వు చేసింది వ్యాపారం కాదు హారికా, పేరంటం," అన్నారు. "పేరంటం మంచిదే. తప్పని అనను. కాని దేనికది. సరే, నీకు ఖర్చు ఏమవుతోంది, చెప్పు."

"ఏమీ లేదండి. కాయలు మనవే, నూనె మనదే..."

"తాతగారి కూలి?"

హారిక తెల్లబోయింది. "తాతగారికి కూలేంటండి?"

"మరి ఆయన పొద్దుట్నించీ చేస్తున్నది ఏమిటమ్మా? ఆయన కొట్టకపోతే నీ దగ్గర ఉన్నది పనసకాయే కదా, పొట్టు కాదు. ఆయన చెయ్యి నొప్పెట్టదా?"

బుచ్చిరాజు గారి కత్తి ఆగింది. ఆయన తన అరచేతికేసి చూసుకున్నారు. జిగురూ నూనే కలిసి నల్లగా ఉంది. ఎన్ని పెళ్ళిళ్ళకి కొట్టిందో ఆ చెయ్యి. బాగా కొట్టేరండి అన్న వాళ్ళున్నారు, విస్తరి వేసి కూర్చోబెట్టిన వాళ్ళున్నారు. ఆ పనికి ఒక విలువ కట్టాలని అన్న మనిషి ఈవిడొక్కర్తే. ఆయనకి అదోలా అయిపోయింది. మళ్ళీ కత్తి ఆడించేరు.

ఇంతలో సరోజినమ్మ గారు కాఫీ తెచ్చేరు. పొగలు కక్కుతోంది. సలోమి గారు అందుకుని, పక్కన కుప్పగా ఉన్న పొట్టు చూసి, "నాకో అరకిలో కావాలి హారికా. ఎంత?" అన్నారు.

"అయ్యో రామ! మీ దగ్గర డబ్బులా అండి! పొట్లం కట్టి ఇస్తానుండండి," అన్నారు సరోజినమ్మ గారు.

సలోమి గారు కాఫీ గ్లాసుని తీసి, జాగ్రత్తగా, అరుగు మీద పెట్టేసేరు.

"ధర చెప్పేదాకా ఈ కాఫీ ముట్టుకోనండి," అన్నారు.

సరోజినమ్మ గారికి పై ప్రాణం పైనే పోయింది. ఆ ఇంటికి వచ్చిన మనిషి, అందులో పంతులమ్మగారు, ఆదివారం పూట, కాఫీ తాగకుండా వెళ్ళిపోవడమే!

"చెప్పెయ్యవే," అన్నారు మనవరాలితో.

"అరకిలో అంటే అండీ..." అని నసిగింది హారిక. చెవులు ఎర్రబడిపోయేయి. "మీకు తోచి..."

సలోమి గారు గొడుగు చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డారు.

"అమ్మా, చెప్పెయ్యవే తల్లీ! మీగడ కట్టేస్తోంది కాఫీ!" అని సరోజినమ్మ గారు దాదాపు ఏడ్చినంత పని చేసేరు.

"ఇరవై రూపాయలండి!" అని అరిచింది హారిక.

ఎంత గట్టిగా అరిచిందంటే రేవతి పిన్నిగారు పక్కింటి గోడ మీంచి తొంగి చూసేరు. పుంజు కూడా కొంచెం దూరం జరిగింది.

సలోమి గారు కూర్చున్నారు. గ్లాసు మాత్రం తియ్యలేదు. "పదిహేను చేసుకో," అన్నారు.

"ఇచ్చెయ్యి, ఇచ్చెయ్యి, పదీ అంటే పదికే ఇచ్చెయ్యి," అంటున్నారు సరోజినమ్మ గారు.

హారిక ఒకసారి మేడమ్ గారికేసి చూసింది. ఒకసారి తాతగారి చేతికేసి చూసింది.

"రాదండి," అంది. ఈసారి అరవలేదు. "తాతగారి చెయ్యి నొప్పెడుతుందండి."

సలోమి గారు మొహం నిండా నవ్వి, పర్సు తీసి ఇరవై రూపాయలు హారిక చేతిలో పెట్టి, కాఫీ అందుకుని గటగటా తాగేసేరు.

"చల్లారిపోయింది కదండీ, వేడిగా ఇంకోటి పెడతాను," అన్నారు సరోజినమ్మ గారు.

"వద్దండి, ఇదే బాగుంది. ఇంత మంచి కాఫీ ఈ మధ్య తాగలేదు," అన్నారావిడ. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అద్దం ముందు నిలబడి రోజూ పదిసార్లు ధర చెప్పుకో హారికా. నవ్వుతూ చెప్పు. కోపంగా చెప్పక్కర్లేదు," అన్నారు.

ఆవిడ వెళ్ళేక హారిక అరుగు చివర కూర్చుని ఆలోచనలో పడింది. ధర చెప్పడం సరే. కాని ఊళ్ళోవాళ్ళ గిన్నెల సంగతేంటి? గిన్నె వెళ్తే గిన్నె వస్తుంది. వస్తే మళ్ళీ వెళ్తుంది. ఈ తిరుగుడు ఆగేదెలా?

"ఆకు," అన్నారు బుచ్చిరాజు గారు.

హారిక తలెత్తింది. "ఏంటి తాతగారూ?"

ఆయన కాయ పూర్తిగా కొట్టేసి, పొట్టు పళ్ళెంలోకి తోసి, అప్పుడు మళ్ళీ అన్నారు. "అరిటాకు."

"అరిటాకులో పొట్లం కట్టమంటారా?"

"గిన్నె ఉండదు."

హారికకి అర్థమైపోయింది. పొట్లం విప్పేక ఆకు దూడకి పడేస్తారు. తిరిగి పంపడానికేమీ ఉండదు, నింపడానికేమీ ఉండదు. లేచి వెళ్ళి తాతగారి మెడ పట్టుకుని ఊపేసింది. ఆయన కత్తి తెగుతుందని ఒక పక్కకి పెట్టుకున్నారు గాని, మొహంలో సంతోషం దాచుకోలేకపోయేరు.

"చూసేవుటే, ఒక్కరోజులో మూడు మాటలు," అన్నారు సరోజినమ్మ గారు. "రేపు వానొస్తుందో ఏంటో."

ఇసక మేటలోంచి అక్కడక్కడ అరటిపిలకలు తలెత్తుతున్నాయి. వాటి ఆకులే కోసుకొచ్చి, నారతో కట్టి, పొట్లాలు చేసేరు. హారిక పొద్దున్నే వాటితో కొత్తపేట బజారుకి వెళ్ళి, కాలేజీ బస్సు వచ్చేలోగా అమ్మేసేది. మొదటిరోజు తెలిసినవాళ్ళెవరైనా కనిపిస్తారేమోనని దుకాణం నీడన నక్కి నిలబడింది. రెండోరోజు ముందుకొచ్చింది. మూడోరోజు పిలిచి మరీ చెప్పింది.

ఊళ్ళో రేవతి పిన్నిగారు మాత్రం మూతి ముడిచేరు. "మాకే ధర చెప్పేంత దానివయ్యేవే?"

"పొట్టుకి ధర పిన్నిగారూ. మా ఇంటికొస్తే కాఫీ ఊరికే."

"ఆ కాఫీ మీ మేడమ్ గారికి ఇచ్చినట్టు చల్లారబెట్టి ఇవ్వకు," అని ఎత్తిపొడిచి, రెండు పొట్లాలు కొనుక్కున్నారావిడ. కొన్నాక గోడ మీంచి గడ్డపెరుగు ఊరికే ఇచ్చేరు. అది పేరంటం కింద లెక్క.

ఫాల్గుణంలో ముహూర్తాలు బాగా ఉన్నాయి. రామచంద్రపురంలో పాపారావు అని పెళ్ళి వంటలకి పేరున్న మేస్త్రీ ఉన్నాడని విని హారిక ఒక శనివారం అక్కడికి వెళ్ళింది. తోడు తాతగారు వెళ్ళేరు. బస్సులో వెళ్ళినంతసేపూ ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు, హారిక పెదాలు కదుపుతూ ధర చెప్పుకుంటూనే ఉంది.

పాపారావు వంట చేయిస్తున్న పెళ్ళింటికి వెళ్ళేక మాత్రం హారిక వెంటనే ధర చెప్పలేదు. "మీకు పొట్టు ఎలా ఉండాలండి?" అని ముందు అడిగింది. కొనేవాళ్ళకి ఏం కావాలో ముందు వినమని పాఠంలో చెప్పేరట.

పాపారావు పొయ్యి దగ్గర్నించి చూసి, "అడిగిందానివి నువ్వొక్కదానివేనమ్మా," అన్నాడు. "అందరూ వాళ్ళ దగ్గరున్నదేదో పడేసి పోతారు. కాయ ముదురు తగలకూడదు. తెల్లగా ఉండాలి. తెల్లారేసరికి అందాలి. అంతే."

హారిక పొట్లం విప్పి చూపించి, ధర చెప్పింది.

"అబ్బో! చిన్నపిల్లవి, ఏదో ఒకటి వేసుకోమ్మా."

"రాదండి," అంది హారిక, నవ్వుతూ.

పాపారావు చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయేడు. బుచ్చిరాజు గారు ఒకడుగు ముందుకేసేరు. ఆయనైతే ఈపాటికి 'మీకు తోచింది' అనేసి ఉండేవారు. హారిక మాత్రం కదల్లేదు. పొట్లం విప్పిన చోటే ఉంచి, పెళ్ళిపందిరికేసి చూస్తూ నిలబడింది. కాసేపటికి పాపారావు మళ్ళీ వచ్చేడు. రెండు వేళ్ళతో పొట్టు తీసి చూసేడు, నలిపి చూసేడు.

"ఇంత సన్నగా ఎవరమ్మా కొట్టింది?"

"మా తాతగారండి."

పాపారావు బుచ్చిరాజు గారికేసి తిరిగి తలగుడ్డ తీసేడు. "నాలుగు పెళ్ళిళ్ళున్నాయండి నా చేతిలో. నాలుగింటికీ మీరే కొట్టాలండి. పిల్ల చెప్పిన ధరే."

"ఆయ్," అన్నారు బుచ్చిరాజు గారు. ఈసారి ఇష్టంతోనే అన్నారు.

నాలుగు పెళ్ళిళ్ళు ఆరయ్యేయి. అరటితోటలో మనుషులు దిగేరు. ఉగాది దగ్గరపడేసరికి మేట సగం పోయి నల్లమట్టి కనిపించింది. మిగతా సగానికి డబ్బు చాలలేదు. అక్కడ ఇసకలోనే దోసపాదులు పెడదామంది హారిక. ఇసకలో దోస బాగా కాస్తుందన్న ఆలోచన దానిదే. వచ్చే ఏడు మళ్ళీ పనస కాస్తుంది, మళ్ళీ పెళ్ళిళ్ళుంటాయి, అప్పుడు తీయించుకోవచ్చు. చెట్లుంటే.

ఉగాదినాడు పచ్చడి తిన్నాక తాతగారి పక్కన వచ్చి కూర్చుంది.

"నిన్నటితో బేరాల చదువు అయిపోయింది తాతగారూ. మేడమ్ గారు మమ్మల్నందర్నీ నిలబెట్టి, ఈ కోర్సులో మీకేం వచ్చిందో చెప్పమన్నారు. ఒకబ్బాయి, మా నాన్నగారికి నష్టం వచ్చిందండి అన్నాడు. అందరం ఒకటే నవ్వు."

"నువ్వు?"

"ధర నోటితో చెప్పడం వచ్చిందండి అన్నాను. లేదు అనడం వచ్చిందండి అన్నాను. మనం లేదంటే అవతలివాళ్ళు ఏదో అయిపోతారనుకుంటాం గాని, ఏమీ అవరు తాతగారూ. పాపారావు గారు చూడండి, లోపలికెళ్ళి మళ్ళీ వచ్చేరు. రేవతి పిన్నిగారు మూతి ముడిచి పెరుగిచ్చేరు."

ఆయన దాని వైపు తిరిగి కూర్చున్నారు.

"రేపు సూర్యారావు గారు వస్తారు. మీ బదులు నేను చెప్పనా?"

బుచ్చిరాజు గారు పనసచెట్లకేసి చూసేరు. "వద్దు," అన్నారు.

హారికకి ఏడుపొచ్చినంత పనయింది. వద్దంటే ఏమిటి? చెట్లు ఇచ్చేస్తారా? అడగడానికి ధైర్యం చాల్లేదు. సరోజినమ్మ గారిని అడిగితే, "ఆయన నోట్లోంచి లేదన్న మాట నేనెప్పుడూ వినలేదే తల్లీ," అని కళ్ళొత్తుకున్నారు.

మర్నాడు పొద్దున్న పుంజు కూసేసరికే బుచ్చిరాజు గారు లేచేరు. స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, రోజూ కూర్చునే అరుగు మీద కూర్చోకుండా తిన్నగా వీధిగేటు దగ్గరకెళ్ళి నిలబడ్డారు. ఎండ కొబ్బరిమట్టల్లోంచి దిగుతుండగా సూర్యారావు గారి స్కూటర్ వచ్చింది. వెనకాలే వ్యానులో రంపం వాళ్ళు.

"నమస్కారమండి రాజుగారూ! ఉగాది బాగా జరిగిందాండి?" అంటూ ఆయన గేటు మీద చెయ్యేసేరు. లోపల్నించి సరోజినమ్మ గారు అలవాటు కొద్దీ కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేసేరు.

బుచ్చిరాజు గారు చెయ్యెత్తేరు. "ఉండు," అన్నారు భార్యతో. ఆవిడ గ్లాసుతో అక్కడే ఆగిపోయేరు. ఆవిడ వెనక తలుపు పట్టుకుని హారిక.

"సూర్యారావు గారూ," అన్నారు బుచ్చిరాజు గారు. దగ్గి, మళ్ళీ మొదలెట్టేరు. "చెట్లు ఇవ్వనండి."

సూర్యారావు గారు నిర్ఘాంతపోయేరు. "అదేంటండి! ఆ రోజు ఆయ్ అన్నారు కదండీ?"

"అన్నానండి. అప్పుడు మీ చేతిలో మా కాఫీ ఉంది."

సూర్యారావు గారు ఆయన మొహం చూసేరు, గుమ్మంలో ఆగిపోయిన గ్లాసు చూసేరు. ముందు కోపం తెచ్చుకుందామనుకున్నారు. కాని ఆ గ్లాసు పట్టుకుని సరోజినమ్మ గారు బొమ్మలా నిలబడిన తీరు చూస్తే నవ్వాగలేదు.

"ఆ ముక్క నెల్లాళ్ళ కిందట చెప్తే ఈ రంపం వాళ్ళని లేపి తీసుకొచ్చేవాణ్ణి కాదు కదండీ!"

"తప్పు నాదేనండి," అన్నారు బుచ్చిరాజు గారు. తరవాత చెయ్యి చాపి తోటకేసి చూపించేరు. వరదకి మొదలు కోసుకుపోయి ఒరిగిపోయిన రెండు కొబ్బరిచెట్లు మేటలో పడున్నాయి. "అవి తీసుకెళ్ళండి. వచ్చినవాళ్ళకి పని ఉంటుంది."

"ఎంతకిస్తారండి?"

హారిక తలుపు గట్టిగా పట్టుకుంది. సరోజినమ్మ గారి పెదాలు 'మీకు తోచింది' అని వాటంతటవే కదిలేయి.

బుచ్చిరాజు గారు ధర చెప్పేరు. అరవలేదు, నసగలేదు.

"కొంచెం చూసుకోండి రాజుగారూ."

"రాదండి."

సూర్యారావు గారు కొబ్బరిచెట్లకేసి చూసి, ఒక నిమిషం లెక్క వేసుకుని, సరేనన్నట్టు రంపం వాళ్ళకి సైగ చేసేరు.

అప్పుడు బుచ్చిరాజు గారు గేటు తీసి, సూర్యారావు గారి చెయ్యి పట్టుకుని అరుగెక్కించి, కుర్చీ దులిపి వేసి, గుమ్మంకేసి తిరిగి, "ఆ కాఫీ చల్లారిపోయి ఉంటుంది. వేడిగా ఇంకోటి పెట్టు," అన్నారు.